నూనె రాసిన మాస్కు

రబ్బరు పేరెత్తితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నవ్వకండి. మనుషుల మీద కోపం అందరికీ వచ్చేదే. నాకు సైకిలు షాపులో వేలాడే ట్యూబుల్ని చూసినా, కొత్త చెప్పుల వాసన తగిలినా ఒళ్ళు మండిపోతుంది. మా ఇంట్లో వాళ్ళు దీన్ని నా పిచ్చి అంటారు. పిచ్చీ కాదు, వెర్రీ కాదు. కారణం ఉంది, చెబుతాను.

ఎనభైల మొదట్లో నేను విశాఖపట్నంలో రీసెర్చి చేసేదాన్ని. పద్మనాభం పక్క పల్లెలో వరి పండించుకునే ఇంట్లో పుట్టి, తిట్లూ చీవాట్లూ తింటూ ఎమ్మెస్సీ దాకా గట్టెక్కి, గోపాలపట్నంలో మా అప్ప ఇంట్లో ఉండేదాన్ని. మా వైపు అక్కని అప్ప అంటాం. రెండు గదుల పెంకుటిల్లు. అప్ప, బావ, వాళ్ళ చంటిది, నేను. పొద్దున్నే బస్సులో ఊపిరాడకుండా నిలబడి ద్వారకానగర్‌లో దిగి, అక్కణ్ణుంచి ఇంకో బస్సు దొరికితే దొరికినట్టు, లేకపోతే ఎండలో నడక.

నా పని రబ్బరు పొరల్లోంచి గాలి ఎలా దూరుతుందో చూడటం. బుడగ ఊది ఎంత గట్టిగా ముడి వేసినా మర్నాటికి వడిలిపోతుంది కదా? ముడి తప్పేం లేదు. గాలి రబ్బరులోంచే పోతుంది. రబ్బరు చూడ్డానికి గోడలా ఉంటుంది గానీ, లోపల అంతా పొడుగాటి పోగులు, ఎప్పుడూ అటూ ఇటూ కదులుతూ ఉంటాయి. అవి కదిలినప్పుడల్లా సందు చూసుకుని గాలి జారుకుంటుంది. ఆ రబ్బరులో నేను లిక్విడ్ క్రిస్టల్ అనే పదార్థాన్ని కలిపేదాన్ని. అప్పుడప్పుడే వస్తున్న కొత్తరకం చేతిగడియారాల్లో నల్లటి అంకెలు కనిపించేవి చూడండి, వాటిలో వాడే జాతిది. పూర్తిగా గట్టిదీ కాదు, పూర్తిగా నీరూ కాదు, రెంటికీ మధ్య. ఆ కలిపిన పొరని కొంచెం కొంచెంగా వేడి చేస్తూ పోతే, ఒకచోట లోపలి పదార్థం గడ్డతనం వదిలి కదలడం మొదలెడుతుంది. అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్న పొర గాలిని ఒక్కసారిగా వదిలేస్తుంది. ఆ వదిలే వేడి ఎంతో, వదిలే గాలి ఎంతో కొలవాలి. అదే నా థీసిస్.

మా అప్పకి ఇదంతా ఒకరోజు వివరంగా చెప్పాను.

"సలికాలం సీసాలో కొబ్బరినూనె గడ్డ కడతాది కదప్పా? ఎండలో పెడితే కారతాది. రబ్బర్లో కూడా అలాంటిదొకటి పెట్టి, అది కరిగినప్పుడు గాలెంత పోతాదో సూత్తన్నాను."

అప్ప చేట పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "దీనికి గవర్నమెంటు నీకు జీతం ఇత్తంది."

"స్కాలర్‌షిప్పు."

"ఏదోటి. ఓలమ్మో, గాలి పోతందో లేదో సూడ్డానికి డబ్బులంట! మనూర్లో సైకిలు బాగుసేసేవాడు ఊరికే సూసీవోడు కదే."

బావ పడీ పడీ నవ్వాడు. బావ నవ్వు పెద్దది. వీధి చివర్దాకా వినిపించేది. ఆ నవ్వు గురించి రాస్తుంటే మళ్ళీ కోపం వస్తోంది, కాబట్టి ముందుకు పోతాను.

బావ ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక రొయ్యల కంపెనీలో అమోనియా గదిలో పనిచేసేవాడు. రొయ్యల్ని గడ్డకట్టించి ఓడలకి ఎక్కించే కంపెనీ. ఆ చలవంతా అమోనియా గ్యాసు వల్లే వస్తుంది. ఇనప గొట్టాల్లో తిరుగుతున్నంతసేపూ దానంత మంచిది లేదు. గొట్టం దాటి బయటికొస్తే కళ్ళూ ముక్కూ ఊపిరితిత్తులూ కాల్చేస్తుంది. ఎక్కడైనా లీకైతే మాస్కు తగిలించుకుని లోపలికెళ్ళి వాల్వు కట్టడం బావ పని. మాస్కంటే ముఖమంతా కప్పే నల్లటి రబ్బరు తొడుగు. కళ్ళ దగ్గర రెండు గుండ్రటి అద్దాలు, మూతి దగ్గర్నుంచి ఒక గొట్టం, ఆ గొట్టం చివర గ్యాసుని పీల్చుకునే మందు డబ్బా. ఎవరి మాస్కు వాళ్ళదే, ఎవరి జాగ్రత్త వాళ్ళదే. అక్కడ వదిలేస్తే మారిపోతుందని బావ దాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేవాడు.

ఆ మాస్కు ఎప్పటిదో ఎవరికీ తెలియదు. బావ పనిలో చేరినప్పుడే పాతది. రబ్బరు ఎండితే పగులుతుంది, కొబ్బరినూనె రాసుకోండి అని వాళ్ళ ఫోర్‌మన్ చెప్పాడట. అందరూ రాసేవారు. దసరాకి ఆయుధపూజ నాడు కంప్రెసర్ల ముందు మాస్కులన్నీ వరసగా పెట్టి, నూనె పట్టించి నిగనిగలాడించి, కళ్ళద్దాల మధ్య కుంకుమబొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేవారు. ఇక ఆదివారాలు మా ఇంట్లో అదొక తంతు. అప్ప చంటిదాని తలకి నూనె పెడుతుంటే, పక్కనే బావ మాస్కుని ఒళ్ళో పెట్టుకుని, గిన్నెలో మిగిలిన నూనెతో దాని బుగ్గలు నిమురుతూ కూర్చునేవాడు. పిల్లకెంత ఓపిగ్గా రాస్తారో దానికీ అంత ఓపిగ్గా.

మీరు అడగబోయేది నాకు తెలుసు. రబ్బరు మీదే రీసెర్చి చేస్తున్నదానివి, నోట్లో బెల్లం పెట్టుకు కూర్చున్నావా అని. కూర్చోలేదు. చెప్పాను.

"బావా, నూనె తగిలితే రబ్బరు ఉబ్బిపోద్ది. పోగులు వదులైపోతాయి. గ్యాసు ఇంకా సులువుగా దూరీద్ది. రాయకు."

"రాయకపోతే పగిలిపోద్ది కదే. పగిలిందాన్ని ఎట్టుకుని ఎల్లమంటావా?"

"కొత్తది ఇమ్మని అడుగు."

"అడగలేదనుకున్నావా? అడిగి అడిగి నోరు నొప్పెట్టింది. స్టాకు లేదంతారు. నువ్వు పీహెచ్‌డీ అయ్యాక ఒకటి సేసి ఇద్దువులే."

మళ్ళీ ఆ నవ్వు. రాస్తే ఒకరకం చావు, రాయకపోతే ఇంకోరకం చావు. ఏ పుస్తకంలోనూ దీనికి జవాబు లేదు. స్టోర్లో కొత్త మాస్కు ఉంటే ఉంది జవాబు.

ఆ వేసవిలో, వడగాడ్పులు కొడుతున్న రోజుల్లో, అమోనియా గదిలో ఒక వాల్వు దగ్గర లీకు మొదలైంది. బావ మాస్కు తగిలించుకుని వెళ్ళాడు. తలుపు దగ్గర తోడుగా నిలబడ్డవాడు అదే షిఫ్టులో పనిచేసే మనిషి. సముద్రం ఒడ్డు పేటవాడు, తండ్రీ అన్నదమ్ములూ ఇంకా చేపల వేటకి వెళ్ళేవాళ్ళే. బావని బావా అనీ, అప్పని అప్పా అనీ, నన్ను సెల్లమ్మా అనీ పిలిచేవాడు. మా ఇంట్లో ఎన్నోసార్లు అన్నం తిన్నవాడు. బావ వాల్వు మీద చెయ్యి వేసి రెండు చుట్లు తిప్పాడో లేదో, మాస్కు లోపలే దగ్గు మొదలై, కళ్ళు మండిపోయి, అక్కడే పడిపోయాడు. ఆ పేటవాడే తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని లోపలికి దూకి, చొక్కా పట్టుకుని బయటికి ఈడ్చాడు. వాల్వు కట్టేవాళ్ళు లేక కంప్రెసర్లు ఆపేశారు. ఎండలు మండిపోతున్నాయి. ఓడకెక్కాల్సిన రొయ్యలు కుళ్ళిపోయాయి.

ఆసుపత్రిలో బావ కళ్ళకి కట్లు కట్టి పడుకోబెట్టారు. మాటాడబోతే దగ్గు, దగ్గితే నెత్తురు చార. అప్ప మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. కంపెనీ మనిషి వచ్చాడు. చూడ్డానికొచ్చాడనుకుని నేను స్టూలు జరిపాను. వాడు ఒక కవరు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఛార్జిషీటు. బావ కళ్ళకి కట్లున్నాయి కాబట్టి నేనే చదివి వినిపించాను. రొయ్యలు పాడైన సంగతి మొదటి వాక్యంలోనే ఉంది. మనిషి పాడైన సంగతి ఎక్కడా లేదు. కార్మికుడి అజాగ్రత్త వల్ల నష్టం జరిగిందనీ, విచారణ చేస్తామనీ, తప్పు రుజువైతే ఉద్యోగంలోంచి తీసేస్తామనీ రాశారు.

"అజాగర్త అని రాసారా?" అన్నాడు బావ.

"రాశారు."

"నాను అజాగర్తగా లేను." ఆ ఒక్క మాట అనడానికి నాలుగుసార్లు దగ్గాడు. "ఉద్యోగం పోతే పోనీ... కాదు, పోకూడదు. పిల్లుంది. కానీ ఆ మాట మాత్రం తీసీమను. నాను అజాగర్తగా లేను."

అప్పుడు నాకు తిక్కరేగింది. ఎవరి మొహాన ఏం కొట్టాలో తెలియని తిక్క. మాస్కు బావతోపాటు ఆసుపత్రికొచ్చిన గుడ్డసంచిలోనే ఉంది. దాన్ని తీసుకుని లాబ్‌కి పోయాను.

నా పరికరం రెండు గదుల గాజుపెట్టె లాంటిది. మధ్యలో పొరని బిగిస్తే, పైగదిలో గాలి ఆ పొరని దాటుకునే కిందగదిలోకి రావాలి, ఇంకో దారి లేదు. నా మామూలు కొలతలకి పాదరసం వాడేదాన్ని, అమోనియాకీ పాదరసానికీ పడదు. అందుకని కిందగదిలో తడిపిన పసుపు కాగితం పెట్టాను. అమోనియా తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పారాణి కలిపేటప్పుడు సున్నం తగిలి ఎర్రబడినట్టే. కాగితం ఎంత తొందరగా ఎర్రబడితే పొర అంత పనికిమాలినదన్నమాట. పొరలు కోసే గుండ్రటి కత్తెరతో బావ మాస్కు బుగ్గ దగ్గర రూపాయి బిళ్ళంత ముక్క కోశాను. పేటవాడు కంపెనీ తుక్కులోంచి ఇంకో మాస్కు తెచ్చిచ్చాడు. అదీ ఆ పాతకాలందే, కానీ వాడకుండా మూల పడేసింది, నూనె ఎరగనిది. ఇక లాబ్‌లో కొత్త రబ్బరు ఉండనే ఉంది.

కొత్త రబ్బరు పెడితే కాగితం మధ్యాహ్నం దాకా పసుపుగానే ఉంది. కొత్త రబ్బరుకి నూనె పట్టించి నానబెట్టి పెడితే అంతకంటే ముందే ఎర్రబడింది. నూనె లేని పాత ముక్క పెడితే ఇంకా తొందరగా ఎర్రబడింది. బావ మాస్కు ముక్క పెట్టి, బిగించి, చేతులు కడుక్కుని వచ్చేసరికే కాగితం కుంకుమలా ఉంది. భూతద్దం కింద చూస్తే ముక్క నిండా వెంట్రుకల్లాంటి పగుళ్ళు, పగుళ్ళ నిండా నూనె. మళ్ళీ మళ్ళీ చేశాను. ఎప్పుడు చేసినా అదే వరస. అసలు జబ్బు రబ్బరు ముసలిదవడం. నూనె ఆ జబ్బుని పెంచింది. చంటిపిల్లాడికైనా అర్థమయ్యే సంగతి.

వాసన వరండా దాకా పోయింది. మా గైడు, ప్రొఫెసరుగారు, రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"ఏమిటమ్మా ఇది? యూనివర్సిటీ అనుకున్నావా, పంచాయితీ అనుకున్నావా?"

చెప్పాను. కళ్ళకి కట్లతో ఉన్న బావ గురించి, ఛార్జిషీటు గురించి. ఆయన వింటున్నాడనే అనుకున్నాను. ఆయన చూపు మాత్రం కాగితాల మీద ఉంది. కొత్త రబ్బరుకీ నూనె రబ్బరుకీ తేడా చూసి మొహం వెలిగిపోయింది.

"నూనె గడ్డకట్టే వేడికి అటూ ఇటూ చేసి చూశావా? మన లిక్విడ్ క్రిస్టల్ లాగానే ప్రవర్తించవచ్చు. చవకలో మంచి సిస్టం దొరికిందమ్మా! ఒక ఛాప్టరు అవుతుంది."

"సార్, ఈ ఫలితం మీద మీరొక సంతకం పెడితే విచారణలో..."

"ఫాక్టరీల గొడవ మనకెందుకు? రేపు వాళ్ళ దగ్గర్నుంచే మనకి ప్రాజెక్టు రావచ్చు. కావాలంటే మీ బావగారికి థీసిస్‌లో కృతజ్ఞతలు చెప్పుకో, నాకేం అభ్యంతరం లేదు."

కృతజ్ఞతలు! ఎందుకు, పడిపోయినందుకా? ఆ మాట నోటిదాకా వచ్చింది. వచ్చింది గాని అనలేదు, ఎందుకంటే గాజుపెట్టె ఆయనది, గది తాళం ఆయనది. పళ్ళు నూరుకుంటూ బయటికొచ్చాను. ఆ ఛాప్టరు నేను రాయలేదు. రాయమని ఎన్నిసార్లడిగినా రాయలేదు.

విచారణ కంపెనీ ఆఫీసు గదిలో. ఫ్యాన్ కింద ఆఫీసరు, పక్కన రాసుకునేవాడు. బావ కట్లు విప్పారు గాని కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మాస్కు వాళ్ళ ముందు టేబుల్ మీద పెట్టాం, నేను కోసిన చిల్లుతో సహా. నన్ను బావ తరఫు సాక్షిగా పిలిచారు. ఆఫీసరు చాలా మర్యాదగా టీ తెప్పించాడు. నాకు మర్యాదస్తులంటే అప్పటినుంచే భయం.

"చదువుకున్న ఆడపిల్ల మా దగ్గరికి రావడం సంతోషం. చెప్పండమ్మా, మీరేం కనిపెట్టారు?"

కాగితాలన్నీ వరసగా పరిచి చెప్పాను. పసుపువీ, ఎర్రవీ. ఆయన ఒక్కొక్కటీ వేలితో తాకి చూశాడు.

"అంటే నూనె రాసిన రబ్బరులోంచి గ్యాసు ఎక్కువ వెళుతుంది."

"వెళుతుంది. కానీ నూనె లేకపోయినా..."

"ఒక్క నిమిషం. నూనె రాయకపోయుంటే ఈ మాస్కులోంచి ఇంత గ్యాసు వెళ్ళేది కాదు. అవునా, కాదా?"

"ఇంత వెళ్ళేది కాదు. అయినా వెళ్ళేది. ఆ రబ్బరు ఎప్పుడో చచ్చిపోయింది సార్. ఇది చూడండి, నూనె లేని పాత ముక్క..."

"రాసుకోవయ్యా," అన్నాడు పక్కవాడితో. "నూనె రాయకపోయుంటే ఇంత గ్యాసు వెళ్ళేది కాదని సాక్షి చెప్పింది."

"రెండో సగం కూడా రాయండి!" అని లేచాను.

"కూర్చోండమ్మా. మీరు చెప్పిందే రాశాం. ఒక్క అక్షరం కల్పించామా?"

కల్పించలేదు. అదే వాళ్ళ తెలివి. అబద్ధం చెబితే అబద్ధమని అరవొచ్చు, నిజాన్ని నడుం దగ్గర కోసి సగం పట్టుకుపోతే ఏమని అరుస్తావు? నేను అరిచాను అనుకోండి. గొంతు పోయేలా అరిచాను. సంతకం పెట్టనన్నాను. సాక్షి సంతకానికి నిరాకరించింది అని అది కూడా రాసుకున్నారు.

తర్వాత బావ లేచి, నూనె రాయమన్నది ఫోర్‌మన్ అనీ, కొత్త మాస్కు అడిగితే స్టాకు లేదన్నారనీ చెప్పాడు. ఫోర్‌మన్ తనెప్పుడూ అలా అనలేదన్నాడు. కంపెనీలో ఎవరూ కొత్త మాస్కు అడగలేదనీ, అడిగితే ఇచ్చేవాళ్ళమనీ అన్నాడు. అప్పుడు పేటవాణ్ణి పిలిచారు. మాకు ఊపిరొచ్చింది. మా మనిషి, ప్రాణానికి తెగించి బావని ఈడ్చుకొచ్చిన మనిషి.

"నూనె రాయమని ఫోర్‌మన్ చెప్పగా విన్నావా?"

వాడు కాళ్ళకేసి చూసుకున్నాడు. "నాకు తెల్దు సార్."

"ఇతను కొత్త మాస్కు అడగ్గా విన్నావా?"

"నాను వినలేదు సార్."

బావ వాడికేసి తిరిగాడు. వాడు తల ఎత్తలేదు. అంతే, విచారణ అయిపోయింది. కార్మికుడు తనకిచ్చిన రక్షణ పరికరాన్ని నూనె రాసి స్వయంగా పాడుచేసుకున్నాడు, అది యూనివర్సిటీ పరిశోధకురాలి మాటల్లోనే రుజువైంది అని తేల్చి, మాస్కు వాళ్ళ దగ్గరే ఉంచేసుకుని బావని తీసేశారు.

మా ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు. చదువుకున్న మరదలు సాయం పోయి ఉద్యోగం ఊడగొట్టింది అన్నారు. నా తప్పని నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. దొంగ నా కత్తి లాక్కుని పొడిస్తే హంతకురాలిని నేనా? అప్ప మాత్రం ఒక్కరోజు కూడా అనలేదు. బావ అసలే అనలేదు. గోపాలపట్నం మార్కెట్లో ఉల్లిపాయల కొట్టు దగ్గర తూకానికి కుదిరాడు. గోతాలు ఎత్తలేడు, ఎత్తితే దగ్గు. నవ్వబోయినా దగ్గే, అందుకని నవ్వడం మానేశాడు.

దసరా వెళ్ళిన కొన్నాళ్ళకి, ఒక సాయంత్రం పేటవాడు మా గుమ్మం ముందు నిలబడ్డాడు. విచారణ తర్వాత మొహం చూపించడం అదే మొదలు. చేతిలో గుడ్డసంచి. అప్ప లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు.

"బావా, నీ పన్లో నన్ను ఎట్టేరు," అన్నాడు. "నాను అడగలేదు, ఆల్లే ఎట్టేరు. మాస్కు పట్టీ బిగిసిపోతంది, ఊపిరాడట్లేదు. ఎలా వదులు సేత్తావో సూపిత్తావేటని..."

బావ చెయ్యి చాపాడు. వాడు సంచిలోంచి మాస్కు తీసి ఇచ్చాడు. నేను దీపం కింద కూర్చుని ఏదో రాసుకుంటున్నదాన్ని, తల తిప్పి చూశాను. బుగ్గ దగ్గర సైకిలు ట్యూబుకి వేసినట్టు పంక్చరు అతుకు. రూపాయి బిళ్ళంత. నేను కోసిన చిల్లు.

అది బావ మాస్కు. నూనె రాసి పాడుచేశాడని ఏ మాస్కుని టేబుల్ మీద పెట్టి మనిషిని వీధిలోకి నెట్టారో, అదే మాస్కుకి అతుకేసి, సబ్బుతో కడిగి, ఆయుధపూజకి బొట్టుపెట్టి, ఇంకో మనిషికిచ్చారు. కళ్ళద్దాల మధ్య కుంకుమ మరక ఇంకా ఉంది.

లేచి వెళ్ళి బావ చేతిలోంచి మాస్కు లాక్కున్నాను. అప్ప వంకాయలు తరుగుతున్న కత్తిపీట ముందు కూర్చుని, దాన్ని నడినెత్తి మీద నుంచి గడ్డం దాకా కోసేశాను. ముసలి రబ్బరు, గుమ్మడికాయ తొక్కలా తెగింది. మళ్ళీ అడ్డంగా కోశాను. ఒక కళ్ళద్దం దొర్లుకుంటూ గోడదాకా పోయింది. చంటిది ఏడుపు లంకించుకుంది.

"ఓలమ్మో, సెల్లమ్మా! ఏటి సేసీసావ్!" వాడు రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. "రేపు లీకైతే నానేటి ఎట్టుకుని ఎల్తాను?"

"ఎల్లకు! ఎవుడెల్లమన్నాడు? దీంతో ఎల్లి సత్తావేటి? ఇది మాస్కు కాదు, జల్లెడ! నీకు తెలుసు కదా, నువ్వే కదా ఈయన్ని ఈడ్సుకొచ్చావు?" నాకు ఏడుపూ కోపమూ కలిసిపోయి మాట సరిగ్గా రాలేదు. "ఈ ముక్కలట్టుకెల్లి ఆడి మొహాన కొట్టు. నాను కోసీసానని సెప్పు. పోలీసుల్ని పంపించమను."

బావ వంగి ముక్కలన్నీ ఏరి, దొర్లిపోయిన కళ్ళద్దంతో సహా సంచిలో వేసి, వాడి చేతికిచ్చాడు. వాడు చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచిపోయి, వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చి తొడుక్కుని పోయాడు.

మర్నాడు నేను లాబ్‌కి వెళ్ళలేదు. పోలీసులొస్తారని అప్ప పొద్దున్నుంచీ గుమ్మంలోకీ లోపలికీ తిరిగింది. ఎవరూ రాలేదు. చీకటి పడుతుండగా పేటవాడొచ్చాడు. ఈసారి లోపలికే వచ్చి, సంచి విప్పి బావ ముందు పెట్టాడు.

కొత్త మాస్కు. తెల్లటి పొడి ఇంకా దులపలేదు. అద్దాల మీద అంటించిన కాయితం కూడా తియ్యలేదు. రబ్బరు పచ్చివాసన గదంతా కొట్టింది.

"ముక్కలు టేబిల్ మీదేసి, ఇది లేకండా లోపలికి ఎల్లనన్నాను బావా. తిడతారనుకున్నాను. మారు మాటాడ్లేదు. స్టోరు తాళం తీసి ఇచ్చీసారు. లోపల పెట్టెలకి పెట్టెలున్నాయి. అట్టపెట్టెల మీద దుమ్ము ఇంత మందాన ఉంది."

బావ మాస్కుని చేతిలోకి తీసుకున్నాడు. బుగ్గలు నొక్కి చూశాడు. సాగదీసి చూశాడు. ఎక్కడా పగులు లేదు. చాలాసేపు అలాగే తిప్పి తిప్పి చూశాడు. తర్వాత, ఆసుపత్రి నుంచి వచ్చాక ఎప్పుడూ వినని గొంతుతో అరిచాడు.

"మరి నాకెందుకియ్యలేదు? నాను అడగలేదా?"

దగ్గు తెర ముంచుకొచ్చింది. వంగిపోయి దగ్గుతూనే చెయ్యెత్తి అప్పని ఆగమన్నాడు. పేటవాడు మోకాళ్ళ మీద కూర్చుని బావ వీపు రాస్తూ ఏడ్చేశాడు.

"అడిగావ్ బావా. ఎన్నోసార్లు అడిగావ్. నా ముందే అడిగావ్. నూనె రాయమన్నది కూడా ఆడే. నాను సెవులారా విన్నాను."

బావ దగ్గు ఆపుకుని, వాడి చెయ్యి తన వీపు మీద నుంచి తీసేశాడు.

"ఇక్కడెందుకురా సెప్తన్నావ్?"